నిప్పు మీద కాగే దువ్వెన: జుట్టు సాఫు చేసే వేడికి అదుపు ఎక్కడ?

క్లుప్తంగా

గిరజాల జుట్టును తాత్కాలికంగా సాఫు చేసే హాట్ కోంబ్‌ను పొయ్యి మీద కాచినప్పుడు, అది ఎంత కాగిందో చెప్పే సాధనం ఏదీ ఉండదు. జుట్టుకు పనికొచ్చే వేడి నుంచి జుట్టును పాడుచేసే వేడికి చేరడానికి మంట మీద అర నిమిషం చాలు. ఆ రెండు చోట్లా లోహం కంటికి ఒకేలా కనిపిస్తుంది. అందుకే జాగ్రత్త అంతా మూడు విషయాల్లో ఉంది: దువ్వెనను నిప్పు మీద ఎలా పెడుతున్నారు, జుట్టుకు తాకించే ముందు దేనితో పరీక్షిస్తున్నారు, జుట్టు ఎంత పొడిగా ఉంది.

మూలపడ్డ పనిముట్టు మళ్లీ ఎందుకు బయటికొచ్చింది

2022 అక్టోబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు ఒక ఫలితం ప్రకటించారు. సిస్టర్ స్టడీ పేరుతో 33,497 మంది మహిళలను దాదాపు 11 ఏళ్లు గమనించగా వారిలో 378 మందికి గర్భాశయ క్యాన్సర్ వచ్చింది. జుట్టు సాఫు చేసే ఉత్పత్తులను ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవారిలో, 70 ఏళ్లు వచ్చేసరికి ఆ జబ్బు బారిన పడే అవకాశం 4.05 శాతమని, అసలు వాడనివారిలో 1.64 శాతమని అంచనా వేశారు. ఏడాది తిరిగేసరికి, 2023 అక్టోబరులో, అక్కడి ఆహార ఔషధ నియంత్రణ సంస్థ స్ట్రెయిట్‌నింగ్ ఉత్పత్తుల్లో ఫార్మాల్డిహైడ్‌ను నిషేధించే నిబంధనను ప్రతిపాదించాలనుకుంటున్నట్టు తెలిపింది. జుట్టును రసాయనంతో సాఫు చేసే రిలాక్సర్ క్రీములు తయారుచేసే కంపెనీల మీద వేల సంఖ్యలో దావాలు పడ్డాయి.

దీంతో రసాయనాలు మానేసినవాళ్లలో కొందరు మళ్లీ వేడివైపు చూస్తున్నారు. అయితే ఈ వార్తలు చదివి, రసాయనం ప్రమాదం కాబట్టి దువ్వెన క్షేమం అని తేల్చేయడం తొందరపాటే. ఆ అధ్యయనం అడిగిన ప్రశ్నలో స్ట్రెయిట్‌నర్లు, రిలాక్సర్లతోపాటు కాచిన దువ్వెనతో జుట్టు ప్రెస్ చేసేటప్పుడు రాసే ఉత్పత్తులు కూడా ఒకే గంపలో ఉన్నాయి. పైగా అది రెండింటికీ సంబంధం ఉందని చూపిందే తప్ప ఒకటి రెండోదానికి కారణమని రుజువు చేయలేదు. దువ్వెన వేడి వల్ల వచ్చే ముప్పు పూర్తిగా వేరు. అది క్యాన్సర్ గురించి కాదు. కాలిన చెవి, విరిగిన జుట్టు, అంటుకున్న గుడ్డ, అదీ దాని జాబితా.

ఎక్కడి నుంచి వచ్చింది

లోహాన్ని కాచి జుట్టు తీరు మార్చడం 19వ శతాబ్దంలోనే యూరప్‌లో వాడుకలో ఉంది. పారిస్‌లో మార్సెల్ గ్రాటో 1870ల్లో కాచిన కడ్డీలతో జుట్టుకు అలలు తిప్పే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. కాచిన దువ్వెనకు ఇల్లిల్లూ తిరిగే గిరాకీ మాత్రం అమెరికాలోని నల్లజాతి మహిళల మధ్య వచ్చింది. నల్లజాతి వ్యాపారవేత్త మేడమ్ సి. జె. వాకర్ (1867–1919) దీన్ని కనిపెట్టిందని తరచూ రాస్తుంటారు, అది నిజం కాదు. ఆమె తన తలమందులతోపాటు దీన్నీ ప్రచారం చేసింది, వేలాదిమంది ఏజెంట్లకు వాడే తీరు నేర్పించింది. ఆమె కంటే ముందు నుంచీ ఉన్న ఆనీ టర్న్‌బో మలోన్ 'పోరో' పేరుతో ఇలాంటి వ్యాపారాన్నే నడిపి, 1918లో సెయింట్ లూయిస్‌లో పోరో కాలేజీ కట్టించింది. 1920లో వాల్టర్ సమన్స్ ఒక మెరుగైన దువ్వెనకు పేటెంటు పొందాడు.

1950ల నుంచి ఇళ్లలోకి రిలాక్సర్ క్రీములు రావడంతో దువ్వెన వెనకబడింది. ఒకసారి క్రీము రాస్తే సాఫైన జుట్టు నీళ్లు తగిలినా మళ్లీ ముడుచుకోదు. వారంవారం పొయ్యి దగ్గర మెడ వంచి కూర్చునే పని తప్పింది. ఇప్పుడు జరుగుతున్నది ఆ మార్పుకు ఎదురు ప్రయాణం. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ఒకప్పుడు తల్లి చేతిని చూసి కూతురు నేర్చుకున్న అంచనాలు నడుమ ఒకటి రెండు తరాలపాటు చేతులు మారలేదు. పనిముట్టు తిరిగొచ్చినంత తేలిగ్గా దాన్ని వాడే చెయ్యి తిరిగి రాదు.

జుట్టు లోపల వేడి చేసే పని

వెంట్రుకలో అధికభాగం కెరాటిన్ అనే ప్రొటీన్. దాని పోగులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే బంధాల్లో ఇక్కడ లెక్కలోకి వచ్చేవి రెండు రకాలు. ఒకటి హైడ్రోజన్ బంధాలు. విడివిడిగా బలహీనమైనవే గాని సంఖ్యలో చాలా ఎక్కువ. రెండోది గంధకం అణువుల మధ్య ఉండే డైసల్ఫైడ్ బంధాలు. ఇవి గట్టివి. రిలాక్సర్‌లోని క్షారం ఈ రెండో రకాన్ని తెంచుతుంది, కాబట్టి ఆ ఫలితం శాశ్వతం. దువ్వెన వేడి మొదటి రకం జోలికే పోవాలి. వేడికి హైడ్రోజన్ బంధాలు సడలినప్పుడు పాయను లాగి పట్టి, అలాగే చల్లారనిస్తే అవి కొత్త స్థానాల్లో కుదురుకుంటాయి. జుట్టు నిటారుగా నిలుస్తుంది. గుడ్డకు ఇస్త్రీ చేయడం కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. తడి తగిలితే ఆ బంధాలు మళ్లీ విడిపోయి పాత వంపు తిరిగొస్తుంది. తలస్నానమే అక్కర్లేదు. చెమట, మంచు, గాలిలోని తేమ చాలు.

ఆ పనికి ఎంత వేడి కావాలి? విద్యుత్ స్ట్రెయిట్‌నర్ల విషయంలో సాధారణంగా చెప్పే మాట: సన్నని జుట్టుకు, రంగు వేసిన జుట్టుకు 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగాలి, మందంగా, గట్టిగా ఉండే జుట్టుకు 180 నుంచి 200 దాకా వెళ్లొచ్చు. ఆపైన 230 డిగ్రీలు దాటితే, పొడి వెంట్రుకలో సైతం కెరాటిన్ తన అల్లికనే కోల్పోతుంది. అప్పుడు తెగేది హైడ్రోజన్ బంధాలు ఒక్కటే కాదు. అలా పాడైన వెంట్రుక తడిపినా తిరిగి ముడుచుకోదు, సాఫుగానూ ఉండదు. ఊరికే వేలాడుతుంది. వేడి దెబ్బ తిన్న జుట్టు అని సెలూన్లలో అనేది దీన్నే. మళ్లీ మామూలు జుట్టు కావాలంటే కొత్తది పెరిగేదాకా ఆగి పాతది కత్తిరించుకోవడం ఒక్కటే దారి.

తడి ఉంటే ఈ హద్దు ఒక్కసారిగా కిందికి దిగుతుంది. నీటితో నిండిన వెంట్రుకలో కెరాటిన్ అల్లిక 150 డిగ్రీల దరిదాపుల్లోనే చెదిరిపోతుంది. అంటే పొడి జుట్టు తట్టుకునే వేడినే తడి జుట్టు తట్టుకోలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. వెంట్రుక లోపల చిక్కుకున్న నీరు ఒక్కసారిగా ఆవిరై బయటికి దారి లేక బుడగలు కడుతుంది. చర్మవైద్యంలో దీనికి 'బబుల్ హెయిర్' అని పేరు. మైక్రోస్కోపు కింద ఆ వెంట్రుకలో వరసగా గుల్లలు కనిపిస్తాయి. ముట్టుకుంటే గరుగ్గా ఉండి ఆ గుల్లల దగ్గరే పుటుక్కున విరుగుతుంది. 125 డిగ్రీల వేడి కడ్డీని ఒక నిమిషం పట్టి ఉంచినా ఇది రావచ్చని వైద్య సాహిత్యం చెబుతోంది. జుట్టు తన బరువులో 30 శాతం దాకా నీటిని పీల్చుకోగలదు. పైకి ఆరినట్టు కనిపించే మందపు జుట్టులో, ముఖ్యంగా కుదుళ్ల దగ్గర, తడి దాగి ఉండటం మామూలే.

అసలు చిక్కు: అంకె లేని వేడి

గ్యాస్ మంట లోపల వేడి దాదాపు 1,900 డిగ్రీలు. కావలసింది 200 లోపు. నిప్పుకూ గమ్యానికీ మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు దువ్వెన గమ్యం దగ్గర ఆగదు, దాటుకుంటూ పోతుంది. ఆపాల్సింది చెయ్యే.

కన్ను ఇక్కడ సాయం చేయదు. లోహం ఎర్రబారడం మొదలయ్యేది 525 డిగ్రీల దగ్గర. అంతకు ముందు 150 దగ్గర ఉన్న దువ్వెనా, 400 దగ్గర ఉన్న దువ్వెనా చూపుకు ఒకటే. ఎర్రబడలేదు కాబట్టి ఫర్వాలేదు అనుకోవడం అన్నిటికన్నా ప్రమాదకరమైన అంచనా. ఎర్రబడిందంటే అది ఎప్పుడో చెయ్యి దాటిపోయిందని అర్థం.

సమయాన్ని నమ్ముకోవచ్చా అంటే అదీ కొంతవరకే. ఒక లెక్క చూస్తే సంగతి తేలుతుంది. 150 గ్రాముల ఇత్తడి దువ్వెన తీసుకుంటే, దాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 57 జౌళ్లు కావాలి. మంట నుంచి లోహంలోకి సెకనుకు 200 జౌళ్లు చేరుతున్నాయనుకుందాం. గాలిలోకి పోయే వేడిని పక్కన పెడితే, 30 డిగ్రీల నుంచి 180 డిగ్రీలకు చేరడానికి 43 సెకన్లు పడుతుంది. అక్కడి నుంచి 300 డిగ్రీలకు చేరడానికి మరో 34 సెకన్లే. పక్కనున్నవాళ్లు పిలిస్తే బదులిచ్చి వచ్చేంత వ్యవధి అది.

ఇదే లెక్కలో ఇంకో మెలిక ఉంది, ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. రెండోసారి కాచేటప్పుడు దువ్వెన పూర్తిగా చల్లారి ఉండదు. 100 డిగ్రీల దగ్గర ఉన్న దువ్వెనను మళ్లీ పెట్టారనుకుంటే, 180కి రావడానికి 23 సెకన్లు చాలు. మొదటిసారి 43 లెక్కపెట్టాం కదా అని ఈసారీ 43 లెక్కపెడితే అది 250 డిగ్రీలకు చేరుతుంది. పొయ్యి కమ్ములూ అప్పటికే కాగి ఉంటాయి కాబట్టి నిజానికి ఇంకాస్త తొందరగానే చేరుతుంది. మొదటి పాయ బాగా వచ్చి, మూడో పాయకో నాలుగో పాయకో కమురు వాసన రావడం వెనక కారణం సాధారణంగా ఇదే. మొదటిసారికి పరీక్ష చేసి, తర్వాత అలవాటు మీద లాగించేయడం.

దువ్వెన ఏ లోహంతో చేసిందన్నదీ తేడా తెస్తుంది. రాగిలో వేడి పాకే వేగం స్టెయిన్‌లెస్ స్టీల్‌తో పోలిస్తే ఇరవై రెట్ల పైమాటే. ఇత్తడిలో ఏడెనిమిది రెట్లు. అందువల్ల రాగి, ఇత్తడి దువ్వెనలు ఒక చోట కాచినా ఆ వేడిని ఒళ్లంతా పంచుకుంటాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ దువ్వెనలో మంట తగిలిన చోట మితిమీరి కాగి, జానెడు అవతల చల్లగా ఉండొచ్చు. అంటే దాన్ని పరీక్షించేటప్పుడు ఒక చోట చూసి వదిలేస్తే చాలదు. ఇత్తడి దువ్వెనలే సంప్రదాయంగా నిలిచిపోవడానికి అందం ఒక్కటే కారణం కాదు.

వెన్ను చేసే పని, పళ్లు చేసే పని

చాలామంది పళ్లే జుట్టును సాఫు చేస్తాయనుకుంటారు. పళ్లు చేసేది పాయను విడదీసి దారిలో పెట్టడం. అసలు ఒత్తిడి పెట్టేది, వేడి దించేది దువ్వెన వెన్ను. పళ్లు పాయలోకి దిగిన వెంటనే మణికట్టు తిప్పి, వెన్నును జుట్టు మీద ఆనించి, బిగువుగా కొసలదాకా లాగుతారు. ఈ కదలిక తెలిస్తే పొయ్యి మీద పెట్టే తీరు కూడా దానంతటదే అర్థమవుతుంది.

వెన్ను మందం, పళ్లు సన్నం. నేరుగా మంట తగిలితే పళ్లు కొన్ని సెకన్లలోనే హద్దు దాటతాయి, వెన్ను ఇంకా చల్లగానే ఉంటుంది. జుట్టులోకి మొదట దిగేవి పళ్లే కాబట్టి ఆ వేడంతా కుదుళ్ల దగ్గర లేత జుట్టుకు తగులుతుంది. అందుకే సౌందర్య శిక్షణలో పళ్లు పైకి, వెన్ను నిప్పు వైపు ఉండేలా పెట్టాలని నేర్పుతారు. వెన్నులో చేరిన వేడి నెమ్మదిగా పళ్లలోకి పాకుతుంది. పొయ్యి మీంచి తీశాక కొన్ని సెకన్లు ఆగమనడానికి కారణం కూడా అదే. ఆ వ్యవధిలో వేడి సర్దుకుంటుంది.

పిడి మంటకు దూరంగా ఉండాలనేది చెప్పనక్కర్లేదు గాని, దూరంగా అంటే పొయ్యి అంచు దాటి బయటికి పొడుచుకొచ్చేలా అని కాదు. అటుగా వెళ్లేవాళ్ల కొంగో చెయ్యో తగిలితే దువ్వెన కింద పడుతుంది. పిల్లలున్న ఇంట్లో అది వాళ్ల చేతికందే ఎత్తు. పిడిని పక్కకు, గట్టు మీదికి వచ్చేలా తిప్పి పెట్టడం మేలు. చెక్క పిడి పదేపదే కాగి ఎండిపోతే బిగువు తప్పి కదులుతుంది. కదిలే పిడి ఉన్న దువ్వెనను నిప్పు దగ్గరికి తీసుకెళ్లకూడదు, జుట్టు మీద తిప్పుతున్నప్పుడు మెలి తిరిగితే మాడుకో చెవికో అంటుకునేది వెన్నే. పిడి మొదట్లో చెక్కను పట్టి ఉంచే లోహపు కట్టు కూడా కాగుతుంది. మసిగుడ్డతో పట్టుకోవచ్చు, అయితే అది పొడిగా ఉండాలి. తడి గుడ్డలోంచి వేడి ఇట్టే చేతికి పాకుతుంది.

దువ్వెన మీద పేరుకున్న నల్లటి మసి గురించి ఒక మాట. జుట్టుకు రాసిన నూనె పదేపదే కాలి పొరగా గట్టిపడుతుంది. ఆ పొర వేడిని సమంగా పోనివ్వదు, గరుగ్గా ఉండి జుట్టును పట్టి లాగుతుంది, కాగినప్పుడు పొగ చిమ్ముతుంది. వంటసోడా కలిపిన వేడినీళ్లలో గంటసేపు లోహపు భాగాన్ని నానబెట్టి సన్నని స్టీల్ పీచుతో రుద్దితే వదులుతుంది. తుడిచి పూర్తిగా ఆరాకే మళ్లీ నిప్పు మీద పెట్టాలి.

కాగితం చెప్పేది, చెప్పనిది

వేడిని చూపే ముల్లు లేని చోట పాతకాలం నుంచీ వాడుతున్న కొలమానం తెల్ల కాగితం. టిష్యూ అయినా, పలచటి నూలు గుడ్డ అయినా సరే. పొయ్యి మీంచి తీసిన దువ్వెన వెన్నును, పళ్లను వేరువేరుగా దాని మీద కొన్ని సెకన్లు ఆనిస్తారు. గోధుమ రంగు మరక పడినా, పొగ లేచినా, మాడు వాసన వచ్చినా దువ్వెన జుట్టుకు తగదు. గాలిలో కాసేపు ఊపి, మళ్లీ కాగితం మీదే చూడాలి. మరక పడనప్పుడే జుట్టు దగ్గరికి.

ఈ పరీక్ష వెనక తర్కం బలమైనదే. కాగితం సెల్యులోజు. అది రంగు మారడం మొదలయ్యే వేడీ, జుట్టు దెబ్బతినే వేడీ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. కాగితం అంటుకునేది సుమారు 230 డిగ్రీల దగ్గర, అంతకు ముందే అది గోధుమ రంగుకు తిరుగుతుంది. అయితే ఇది పైహద్దు దాటిందని మాత్రమే చెబుతుంది. మరక పడలేదంటే సన్నని, రంగు వేసిన జుట్టుకూ పనికొస్తుందని కాదు. 190 డిగ్రీల దువ్వెన కాగితాన్ని ఒక్క క్షణం తాకి వదిలితే మచ్చ కనబడకపోవచ్చు. సన్నని జుట్టుకు అదీ ఎక్కువే. అలాంటి జుట్టున్నవారు కాగితం పరీక్ష తర్వాత కూడా కొంత ఆగి, మెడ వెనక కనిపించని ఒక చిన్న పాయ మీద ముందు చూసుకోవడం మంచిది.

పరీక్ష ప్రతిసారీ చేయాలి. ఇది చాదస్తంగా అనిపించొచ్చు గాని, రెండోసారి కాచినప్పటి లెక్క చూశాక దీనికి వేరే సమర్థన అక్కర్లేదు. నీటి చుక్క వేసి చుయ్‌మంటే కాగినట్టు అనే పద్ధతి మాత్రం ఏ పనికీ రాదు. నీరు 100 డిగ్రీలు దాటిన లోహం మీద చుయ్‌మంటుంది, జుట్టుకు తగిన వేడి ఏదో అది చెప్పదు.

ఏ పొయ్యి మీద

గ్యాస్ మంటలో వేడి కంటికి కనిపిస్తుంది, తగ్గించగానే తగ్గుతుంది. అది దాని సుగుణం. మంట అంచులు దువ్వెన చుట్టూ పైకి లేచి పళ్లను నాకడం దాని దోషం. సన్నని మంట పెట్టి, దువ్వెనను మంటకు తగలకుండా కాస్త పైన ఉంచితే ఇది తగ్గుతుంది. దువ్వెన నిప్పు మీద లేనప్పుడు బర్నర్ ఆర్పేయడం ఉత్తమం. జుట్టు సర్దుకుంటూ వెనక మంట వెలుగుతూనే ఉందన్న సంగతి మరిచిపోవడం చాలా తేలిక. గది తలుపులు, కిటికీలు మూసి గంటలకొద్దీ గ్యాస్ వెలిగించడం వల్ల కార్బన్ మోనాక్సైడ్ పేరుకునే ముప్పు కూడా ఉంది.

విద్యుత్ కాయిల్ పొయ్యిలో మంట లేదు గాని, ఆపేసినా కాయిల్ వేడి వెంటనే తగ్గదు. దువ్వెనను దాని మీదే వదిలి స్విచ్ ఆపితే అది ఇంకా కాగుతూనే ఉంటుంది. గాజు పలక పొయ్యి మీద లోహం గీతలు పడేస్తుంది, పలకకు ఆనుకునే భాగమూ తక్కువే. ఇండక్షన్ పొయ్యి ఈ పనికి రాదు. రాగి, ఇత్తడి అయస్కాంతానికి స్పందించే లోహాలు కావు, కాబట్టి మామూలు ఇండక్షన్ మీద అవి వేడెక్కవు.

సెలూన్లలో ఇందుకోసమే చేసిన చిన్న విద్యుత్ పొయ్యిలు ఉంటాయి. దువ్వెనను గూటిలోకి దూర్చి పెడతారు. మంట లేకపోవడం, పిడి ఎప్పుడూ ఒకే చోట ఉండటం వాటి లాభాలు. అలాగని అవి వేడిని జుట్టుకు తగ్గట్టు ఆపుతాయని భ్రమపడకూడదు, వాటి లోపలా దువ్వెన హద్దు దాటి కాగుతుంది. వాటికీ కాగితం పరీక్ష తప్పదు.

తీగ ఉన్న విద్యుత్ దువ్వెనకు థర్మోస్టాట్ ఉంటే అసలు సమస్య చాలావరకు తీరుతుంది. వేడి ఒక అంకె దగ్గర నిలుస్తుంది, ఒక పాయకూ మరో పాయకూ తేడా రాదు. కొత్తగా మొదలుపెట్టేవారికి అదే తగినదని చెప్పడంలో సందేహం అక్కర్లేదు. అయితే నిప్పు మీద కాచిన దువ్వెనకూ ఒక గుణం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పొయ్యి దిగాక దాని వేడి తగ్గుతూ పోవడమే తప్ప పెరగదు. ప్రమాదమంతా మొదటి తాకిడిలోనే ఉంటుంది. అది దాటితే దువ్వెన క్షణక్షణానికీ క్షేమం వైపే నడుస్తుంది. విద్యుత్ దువ్వెన అలా కాదు, ఒకే చోట ఎంతసేపు ఆపినా అంతే వేడిని పోస్తూనే ఉంటుంది. ఈ లెక్కన నిప్పు దువ్వెనను తీసిన వెంటనే కొసలకో, పల్చబడిన ముంగురులకో తాకించకూడదు. మందంగా, గట్టిగా ఉన్న చోట మొదలుపెట్టి, చల్లారుతున్న కొద్దీ లేత జుట్టు వైపు రావడం దాని గుణానికి తగిన క్రమం.

పాయ మీద

కడిగి, పూర్తిగా ఆరబెట్టి, చిక్కు తీసిన జుట్టును సన్నటి పాయలుగా విడదీస్తారు. పాయ మందంగా ఉంటే పైపొరకు వేడి ఎక్కువై, లోపలిది వంపు పోకుండా మిగులుతుంది. దాంతో అదే పాయ మీద మళ్లీ మళ్లీ లాగాల్సి వస్తుంది. శిక్షణలో మూడు స్థాయిలు చెబుతారు. సాఫ్ట్ ప్రెస్ అంటే పాయకు ఒక్కో వైపు ఒక్కసారి లాగడం, వంపులో సగం లేదా కాస్త పైన పోతుంది. మీడియం ప్రెస్‌లో అంతే లాగినా ఒత్తిడి కొంచెం పెంచుతారు. హార్డ్ ప్రెస్ అంటే రెండేసి సార్లు, వంపు పూర్తిగా పోతుంది. వేడి పెంచి ఒక్కసారిలో హార్డ్ ప్రెస్ ఫలితం రాబట్టాలనుకోవడం దగ్గరే చాలా జుట్టు పాడవుతుంది.

నూనె విషయంలో ఒక అపోహ స్థిరపడిపోయింది: నూనె రాస్తే జుట్టు కాలదని. నూనె చేసే పని దువ్వెన జారేలా చేయడం, వెంట్రుకల మధ్య గాలి ఖాళీలు తగ్గించి వేడిని సమంగా చేర్చడం. అది కవచం కాదు. ఎక్కువైతే వేడెక్కి మాడు మీదికి జారుతుంది. శుద్ధి చేయని కొబ్బరి నూనె 175 డిగ్రీల దగ్గరే పొగలు కక్కుతుంది. చేతికి అంటీ అంటనంత రాస్తే చాలు. వేడి నుంచి కాపాడతామని చెప్పే సీరమ్‌లు కొంత మేలు చేస్తాయి, కానీ 230 దాటిన లోహం నుంచి ఏదీ కాపాడదు.

శబ్దం, వాసన ఇక్కడ మంచి సాక్షులు. దువ్వెన తాకగానే చుయ్‌మని వినిపించి ఆవిరి లేస్తే జుట్టులో తడి ఉంది. ఆపి ఆరబెట్టాల్సిందే. పలచని పొగ ఒకటి లేచి ఆగితే అది నూనెది కావచ్చు. కమురు కంపు వచ్చిందంటే మాత్రం కాలుతున్నది కెరాటిన్, ఆ ఘాటు దానిలోని గంధకానిది. ఆ పాయ అప్పటికే దెబ్బతింది, దువ్వెన వెంటనే పక్కన పెట్టాలి.

నెరిసిన జుట్టు వేడికి పసుపుబారుతుంది. బ్లీచ్ చేసిన జుట్టు, రిలాక్సర్ వాడిన జుట్టు అప్పటికే బంధాలు తెగి బలహీనమై ఉంటుంది. ప్లాస్టిక్ పోగులతో చేసిన సవరాలు, అతుకుల మీద ఈ దువ్వెన పెడితే అవి కరిగి అసలు జుట్టుకు అంటుకుపోతాయి. హెయిర్ స్ప్రే డబ్బాల్లో నెట్టుడు వాయువుగా ఉండేవి తరచూ బ్యుటేన్, ప్రొపేన్. వంటగ్యాస్‌లోనూ అవే ఉంటాయి. వెలిగే పొయ్యి ఉన్న గదిలో స్ప్రే కొట్టకూడదనడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

మాడు, చెవి, మెడ

200 డిగ్రీల లోహం చర్మానికి తగిలితే ఆలోచించే వ్యవధి ఉండదు. 70 డిగ్రీల వేడే సెకనులోపు చర్మాన్ని కాల్చగలదు. చెవి పైఅంచు, నుదుటి గీత, మెడ వెనక భాగం ఎక్కువగా కాలే చోట్లు. చెవి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అక్కడ పలచటి చర్మం కింద మృదులాస్థి ఉంటుంది, దానికి రక్తప్రసరణ తక్కువ. పుండు పడి చీము పట్టిందంటే మానడం కష్టం. చెవిని మడిచి, పొడి గుడ్డ అడ్డుపెట్టి పట్టుకోవడం ఆ చోట తప్పనిసరి. కుదుళ్లకు మరీ దగ్గరగా రావాలన్న పట్టుదల వదిలేస్తే సగం గాయాలు తప్పుతాయి. మాడు మీద పుండు, గీత, దద్దురు ఉన్నప్పుడు పని వాయిదా వేయాలి. కదలకుండా కూర్చోలేని చిన్నపిల్లలకు ఇది తగదు.

కాలితే చేయాల్సింది ఒక్కటే: చల్లని పారే నీటి కింద 20 నిమిషాలు. ఐస్ పెట్టకూడదు, అది కాలిన కణజాలాన్ని ఇంకా దెబ్బతీస్తుంది. టూత్‌పేస్టు, వెన్న, నూనె రాస్తే వేడి లోపలే ఉండిపోతుంది. తర్వాత శుభ్రమైన, అతుక్కోని గుడ్డ కప్పాలి. కంటి దగ్గర కాలినా, చెవి మీద బొబ్బ లేచినా, గాయం తెల్లబారి నొప్పి తెలియకపోయినా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

జుట్టు శాశ్వతంగా రాలిపోవడం గురించి ఉన్న భయానికి ఒక చరిత్ర ఉంది. నల్లజాతి మహిళల్లో నడినెత్తి నుంచి మొదలై చుట్టూ వ్యాపిస్తూ, కుదుళ్లను మచ్చకట్టించే బట్టతలను 1968లో అమెరికా చర్మవైద్యులు 'హాట్ కోంబ్ అలోపేషియా' అని వర్ణించారు. కాగిన నూనె కుదుళ్లలోకి జారి వాపు తెస్తుందన్నది వారి ఊహ. 1992లో ఇతర పరిశోధకులు దాన్ని తిరిగి పరిశీలించి, దువ్వెన వాడకంతో ఆ జబ్బుకు సరైన పొంతన లేదని చూపారు. ఇప్పుడు దాన్ని సెంట్రల్ సెంట్రిఫ్యూగల్ సికాట్రీషియల్ అలోపేషియా అంటున్నారు. 2019లో ఆ జబ్బున్న కొందరిలో వెంట్రుక నిర్మాణానికి సంబంధించిన పీఏడీఐ3 జన్యువులో మార్పులు కనుగొన్నారు. పేరులోంచి దువ్వెన పోయినంత మాత్రాన నింద పూర్తిగా తొలగలేదు. జన్యువుల రీత్యా అవకాశం ఉన్నవారిలో వేడి, బిగువు జబ్బును ముదిరేలా చేస్తాయా అన్న ప్రశ్న ఇంకా పరిశోధకుల ముందుంది. నడినెత్తిన మంట, దురద, నొప్పి, జుట్టు పల్చబడటం కనిపిస్తే దువ్వెన ఆపేసి చర్మవైద్యుడికి చూపించాలి. కుదురు మచ్చకట్టిన చోట జుట్టు తిరిగి రాదు, మొదట్లో పట్టుకుంటే జబ్బు పాకకుండా ఆపడానికి మందులున్నాయి.